నేటి తేదీన నిన్నటి వాన

దినపత్రికలో అందరి కంటా పడి ఎవరూ చదవని భాగం ఒకటి ఉన్నది. ముఖ్య పట్టణాల ఉష్ణోగ్రతలు, గాలిలో తేమ, వర్షపాతం చూపే చిన్న పట్టిక అది. వేసవిలో ఆకాశవాణి ప్రాంతీయ వార్తల చివర రెంటచింతల పేరు వినిపించగానే మా ఇంటి పెద్దల చేతిలో విసనకర్ర వేగం పెరిగేది. చలికాలంలో ఆదిలాబాదు పేరు వినిపిస్తే దుప్పటి మరికొంచెం పైకి జరిగేది. అంకె చెవిన పడేది, దేహం దానికి జవాబు చెప్పేది. ఆ అంకెను ఎక్కడ కొలిచారు, ఏ వేళకు కొలిచారు, ఏ పాత్రతో కొలిచారు, కొలిచిన మనిషి ఎవరు అన్న ప్రశ్నలు మాత్రం ఎవరికీ తట్టేవి కావు. ఆ అవసరమూ వారికి లేదు. ఆ అంకె ఆధారంగా తీర్పు చెప్పవలసిన వారికి, దాని వల్ల లాభనష్టాలు పొందేవారికి ఆ అవసరం ఉన్నది.

నాకు ఆ ప్రశ్నలు ఉద్యోగధర్మంగా ఎదురైనాయి. 1970వ దశకంలో రాయలసీమలోని ఒక తాలూకా కచేరీలో గుమాస్తాగా ఉన్నప్పుడు నాకు అప్పగించిన పనులలో వర్షపాతం రిజిస్టరు ఒకటి. జమాబందీ లెక్కలు, అడంగళ్లు, పట్టా తగాదాల దస్త్రాల మధ్య అది అల్పమైన పనిగానే చెలామణీ అయ్యేది. వర్షమాపకంలో నీళ్లు కొలిచేది బంట్రోతు, పుస్తకంలో వ్రాసేది నేను, సంతకం తహసీలుదారుది. ముగ్గురిలోనూ ఆ పనిని శ్రద్ధగా చేసినవాడు బంట్రోతే. ఆయన గడియారం చూసి ఉదయం ఎనిమిదిన్నరకు కచేరీ ఆవరణలోని ముళ్లకంచె తలుపు తీసేవాడు. వాన పడని రోజున కూడా తీసేవాడు. ఎందుకని అడిగితే, "పడలేదని తెలియాలన్నా చూడాలి గదయ్యా" అనేవాడు.

ఎనిమిదిన్నరే ఎందుకు అన్న సంగతి నాకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు. గ్రీనిచ్ కాలమానం ప్రకారం తెల్లవారుజాము మూడు గంటలైనప్పుడు మన గడియారంలో ఎనిమిదిన్నర అవుతుంది. ప్రపంచంలోని వాతావరణ కేంద్రాలు ఒప్పందం చేసుకొన్న కొన్ని నియత సమయాలలో అది ఒకటి. ఆ క్షణాన ఒకచోట సూర్యోదయం, మరొకచోట నడిరేయి. అయినా అందరూ ఒకేసారి చూస్తారు. అలా చూసినప్పుడే ఒక దేశపు గాలి ఒత్తిడిని ఇంకొక దేశపు ఒత్తిడి పక్కన పెట్టి పటం గీయడం సాధ్యమవుతుంది. మన దేశంలో ఒక రోజు వర్షపాతమంటే క్రితం రోజు ఉదయం ఎనిమిదిన్నర మొదలు ఆనాటి ఉదయం ఎనిమిదిన్నర వరకు పడిన వాన. అంటే పన్నెండో తేదీకి ఎదురుగా కనిపించే అంకెలో ఎక్కువ భాగం పదకొండో తేదీ మధ్యాహ్నమో రాత్రో కురిసినది.

ఈ చిన్న మెలిక తెలియకపోతే పెద్ద పొరపాట్లు జరుగుతాయి. 2005 జూలై 26న ముంబయి నగరాన్ని ముంచిన వానను జనం ఆ తేదీతోనే గుర్తు పెట్టుకొన్నారు. వాతావరణ శాఖ లెక్కలో అది 27వ తేదీ ఉదయం ఎనిమిదిన్నరతో ముగిసిన 24 గంటల వాన. ఆ లెక్కలోనే ఇంకొక విశేషమున్నది. శాంతాక్రజ్ కేంద్రంలో 944 మిల్లీమీటర్లు నమోదైంది. అదే నగరంలో, అవే 24 గంటలలో కొలాబా కేంద్రంలో నమోదైనది 73 మిల్లీమీటర్లు మాత్రమే. "ముంబయిలో ఎంత వాన పడింది?" అని అడిగేవారికి ఏది జవాబుగా చెప్పాలి? రెండూ నిజాలే. రెండు కలిపి సగటు తీస్తే వచ్చే అంకె మాత్రం నగరంలోని ఏ వీధిలోనూ కురవని వాన అవుతుంది.

మిల్లీమీటరు వాన అంటే ఏమిటో కూడా చెప్పుకోవాలి. కురిసిన నీరు ఇంకిపోకుండా, పారిపోకుండా, ఆవిరి కాకుండా నేల మీద ఎక్కడిదక్కడ నిలిచిందనుకొంటే దాని లోతు అది. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు అంటే సరిగ్గా ఒక లీటరు. ఎకరం మీద నాలుగు వేల లీటర్ల పైచిలుకు. ఈ లెక్క వినగానే మా ఊరి రైతు ఒకాయన చాలాసేపు మౌనంగా ఉండి, "అంత నీళ్లు పడినా అంగుళం పదును కాదే!" అన్నాడు. ఆయన కొలమానం పదును. వాన నేలలోకి ఎంత లోతున దిగిందో మడక కర్రుతోనో చేతి వేళ్లతోనో చూసి చెప్పే మాట అది. మిల్లీమీటరు ఆకాశం ఇచ్చినదాన్ని కొలుస్తుంది. పదును నేల పుచ్చుకొన్నదాన్ని కొలుస్తుంది. ఎర్రనేలలో, నల్లరేగడిలో, కురిసిన వేగాన్ని బట్టి, ఈ రెంటికీ మధ్య ఎంతో అంతరం ఉంటుంది. మన పెద్దలకు వాన పరిమాణం చెప్పడానికి మాటలు తక్కువ లేవు. తుంపర, చినుకు, జల్లు, జడివాన, కుంభవృష్టి అన్నవి ఎవరికి వారు అర్థం చేసుకొనే మాటలు. పది ఊళ్ల వానలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడవలసి వచ్చినప్పుడు ఆ మాటలు చాలవు.

వర్షమాపకం చూడటానికి అతి సామాన్యమైన వస్తువు. పైన గరాటు, లోపల సీసా, వెలుపల తొడుగు. అంచు నేలకు ముప్పై సెంటీమీటర్ల ఎత్తున సమతలంగా ఉండాలి. చుట్టుపక్కల చెట్టు గానీ గోడ గానీ ఉంటే అది తన ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో ఉండాలి. పూర్వం వాడిన సైమన్స్ నమూనా మూతి అయిదంగుళాల వ్యాసం. తరువాత వచ్చిన ఫైబర్ నమూనాలలో రెండు కొలతలున్నాయి. ఒకదాని మూతి వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లు, రెండవదానిది 100. దేనికి తగిన కొలగ్లాసు దానికి వేరుగా ఉంటుంది. గ్లాసు సన్నగా ఉండటం వల్ల మిల్లీమీటరులో పదవ వంతు కూడా కంటికి ఆనుతుంది. పెద్ద మూతి పాత్రలోని నీటిని చిన్న మూతికి చెందిన గ్లాసుతో కొలిస్తే వాన రెట్టింపు అవుతుంది. గ్లాసు పగిలినప్పుడు పక్క కచేరీ నుంచి అరువు తెచ్చుకొనే అలవాటున్న చోట ఇదేమీ ఊహాజనితమైన ప్రమాదం కాదు.

ఇక 2.5 అనే అంకె. రోజుకు 2.5 మిల్లీమీటర్లు, అంతకు పైన కురిస్తేనే దానిని 'వర్షదినం'గా లెక్కిస్తారు. ఆ అరమిల్లీమీటరు ఎందుకని చాలామంది ఆశ్చర్యపడతారు. అది అంగుళాల కాలం మిగిల్చిపోయిన ఆనవాలు. అంగుళంలో నూరవ వంతును సెంటు అనేవారు. పది సెంట్ల వాన అంటే రెండున్నర మిల్లీమీటర్లు. 1956 చట్టంతో మెట్రిక్ కొలతలు వచ్చినా పాత హద్దు కొత్త వేషంలో కొనసాగింది. వృద్ధులైన కర్ణాలు ఆ తరువాత కూడా చాలాకాలం వానను సెంట్లలోనే చెప్పేవారు.

కొలవాలన్న కోరిక మనకు పరాయివారు నేర్పినది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో కోష్ఠాగారం వద్ద మూర వెడల్పు మూతి గల కుండాన్ని వర్షమానంగా ఉంచాలన్న విధి ఉన్నది. వ్యవసాయాన్ని చూచే సీతాధ్యక్షుని ప్రకరణంలో ఏ దేశానికి ఎన్ని ద్రోణాల వాన అన్న వివరం ఉన్నది. మెట్ట భూములకు పదహారు, అవంతికి ఇరవై మూడు, అశ్మకానికి పదమూడున్నర. అశ్మక రాజధానిని పలువురు చరిత్రకారులు నేటి నిజామాబాదు జిల్లా బోధన్‌తో గుర్తిస్తారు. ఆ గుర్తింపు సరైనదైతే తెలుగు నేలకు సంబంధించిన మొదటి వర్షపాతపు అంకె అదే కావచ్చు. ఆ అరద్రోణం నన్ను ఆకర్షిస్తుంది. ఊహించి చెప్పేవాడు పదమూడో పధ్నాలుగో అంటాడు. పదమూడున్నర అన్నవాడు దేన్నో కొలిచి ఉండాలి, లేదా కొలిచినవారి లెక్క చూసి ఉండాలి. అంతకంటె గొప్ప సంగతి దాని పక్కనే ఉన్నది. వానకాలపు మొదటి నెలలోను, చివరి నెలలోను కలిపి మూడవ వంతు, నడుమ రెండు నెలలలో మిగిలిన రెండు వంతులు కురిస్తే అది మంచి ఏడాది అని అక్కడే చెప్పారు. మొత్తం ఒక్కటే చాలదు, అది ఎప్పుడెప్పుడు కురిసిందో కూడా చూడాలన్న వివేకం అది. వరాహమిహిరుడు బృహత్సంహితలో హస్తం వెడల్పు పాత్రతో వాన నీటిని ఆఢకాలలో లెక్కించే పద్ధతి చెప్పాడు. ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో ఇన్ని కుంచాల వాన, ఇన్ని తూముల వాన అని వినిపించే మాటలో ఆ సంప్రదాయపు నీడ ఉన్నది. అయితే పంచాంగం రాబోయే వానను చెబుతుంది, రిజిస్టరు కురిసిన వానను చెబుతుంది. కురిసిన దానిని రోజువారీగా వ్రాసి దాచే అలవాటు మాత్రం మన ఇళ్లలో స్థిరపడలేదు.

అది స్థిరపడిన చోటు ప్రభుత్వ కచేరీ. కారణం విజ్ఞానం మీది మోజు ఒక్కటే కాదు. 1864లో కలకత్తాను తుపాను ధ్వంసం చేసింది. 1866లోను, 1871లోను వానలు ముఖం చాటేశాయి. చెల్లాచెదురుగా ఉన్న పరిశీలనలను ఒక తాటికి తేవాలన్న ఆలోచన ఆ దెబ్బల నుంచి పుట్టి, 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. బ్లాన్‌ఫర్డ్ దాని మొదటి అధిపతి. మరుసటి సంవత్సరమే దక్షిణాదిన మహాక్షామం మొదలైంది. 1876 నుంచి 1878 వరకు బళ్లారి, కడప, కర్నూలు ప్రాంతాలు అనుభవించినది వర్ణించడం నా శక్తికి మించిన పని. తాలూకా కచేరీ ముంగిట ఉండే వర్షమాపకం ఆకలిని, శిస్తును ఒకే పుస్తకంలో లెక్క వేసిన కాలపు వారసత్వమని మాత్రం చెప్పక తప్పదు. దీనికి భిన్నమైన ఉదాహరణ ఒకటి విశాఖపట్టణంలో ఉన్నది. జమీందారు గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో స్వంత ఖర్చుతో అక్కడొక వేధశాల నెలకొల్పాడు. ఆయన తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు నక్షత్రాలతో పాటు వాతావరణాన్ని కూడా పరిశీలించాడు. శిస్తుతో గానీ జీతంతో గానీ నిమిత్తం లేకుండా ఆకాశాన్ని లెక్కించిన తెలుగు కుటుంబం అది. మన పాఠ్యపుస్తకాలు వారిని ఎందుకు మరచినాయో నాకు అర్థం కాదు.

ఇప్పుడు మా తాలూకా సంగతి. ఆ సంవత్సరం ఆగస్టు నెల దాదాపు పొడిగా గడిచింది. వేరుశనగ ఊడలు దిగే సమయం. మూడవ వారంలో ఒక సాయంత్రం కచేరీ ఉన్న ఊరి మీద మబ్బు కమ్మి గంటసేపు కుండపోతగా కురిసింది. మరునాటి ఉదయం బంట్రోతు మూడు సార్లు గ్లాసు నింపి కొలిచి 68 మిల్లీమీటర్లని చెప్పాడు. నేను వ్రాసుకొన్నాను. నెల మొత్తం 74 అయింది. నెల సగటుతో పోల్చితే 16 శాతం మాత్రమే తక్కువ. నిబంధన ప్రకారం 19 శాతం వరకు తగ్గినా అది 'సాధారణ వర్షపాతం'. 20 నుంచి 59 వరకు లోటు. 60 దాటితే తీవ్రమైన లోటు. కాబట్టి మా తాలూకాలో వానలు సాధారణం.

వారం తిరగకుండానే తూర్పు ఫిర్కా రైతులు ముప్పై మంది దాకా కచేరీకి వచ్చారు. వారిలో పెద్దాయన ఒకరు తెచ్చిన వేరుశనగ మొక్కలు బల్ల మీద పెట్టాడు. ఊడలు నేలకు అందక గాలిలోనే మాడిపోయి ఉన్నాయి. తహసీలుదారు రిజిస్టరు చూపించి, "పెద్దాయనా, ఈ నెల వాన ఇదీ" అన్నారు. ఆయన పుస్తకం వంక చూడలేదు. కిటికీలో నుంచి కంచె వైపు చూశాడు. "వాన మీ కచేరీలో కురిసింది సామీ. మా చేన్లో కురవలేదు. ఆ డబ్బా ఒకటి మా ఊర్లో కూడా పెట్టించండి, అప్పుడు తెలుస్తాది" అన్నాడు.

వారు వెళ్లిన తరువాత ఆ ప్రాంతపు నాయకుడొకరు లోపలికి వచ్చి నెమ్మదిగా ఒక మాట చెప్పాడు. 68లో ఆరును రెండు చేస్తే నెల మొత్తం 34 అవుతుంది. లోటు 60 శాతం దాటుతుంది. శిస్తు వసూలు ఆగుతుంది, తక్కావీ బాకీలు వాయిదా పడతాయి, నాలుగు పనులు మంజూరవుతాయి. ఎవరి సొమ్మూ పోదు. నా మనసు ఆయన వైపే మొగ్గింది. బల్ల మీద ఆ మొక్కలింకా ఉన్నాయి. తహసీలుదారు చాలాసేపటికి నోరు విప్పారు. "ఈరోజు మనం జాలితో మార్చిన అంకెను రేపు ఇంకొకడు లంచంతో మారుస్తాడు. ఆ పైన వీళ్ల పక్షాన చెప్పడానికి ఈ పుస్తకంలో ఏమీ మిగలదు" అన్నారు. ఆయన అంకె ముట్టుకోలేదు. రిమార్కుల గడిలో ఎర్రసిరాతో మూడు వాక్యాలు వ్రాశారు. ఈ వాన గంటసేపు మాత్రమే కురిసిందని, కచేరీకి పది మైళ్ల తూర్పున ఉన్న గ్రామాలలో చినుకు కూడా పడలేదని, ఈ అంకె ఆ ఫిర్కాకు వర్తించదని.

పైకి పంపే నెలవారీ నమూనాలో రిమార్కుల గడి లేదు. అంకె వెళ్లింది, వాక్యాలు వెళ్లలేదు. ఆయన విడిగా వ్రాసిన లేఖకు జవాబు రాలేదు. ఆ సంవత్సరం తూర్పు ఫిర్కాకు ఏ మినహాయింపూ దక్కలేదు. కొన్ని కుటుంబాలు బళ్లారి వైపు పనులకు వెళ్లిపోయినాయి. తహసీలుదారు చేసినది సరైనదేనా అని నన్ను నేను చాలాకాలం ప్రశ్నించుకొన్నాను. సరైనదేనని ఇప్పటికీ నా అభిప్రాయం. అంత మాత్రాన ఆ రైతులకు జరిగినది న్యాయమని అనలేను. 68 అన్న అంకె ఆ కంచె లోపల అక్షరాలా నిజం. రెండు వందల చదరపు సెంటీమీటర్ల మూతి అంటే చదరపు కిలోమీటరులో అయిదు కోట్లవ వంతు. అంత చిన్న మూతి నూరు గ్రామాల తరఫున సాక్ష్యం చెప్పవలసి రావడంలోనే అన్యాయం ఉన్నది. 1985లో మండలాలు ఏర్పడిన తరువాత వర్షమాపకం పల్లెలకు కొంత దగ్గరైంది. పెద్దాయన అడిగినది అదే.

ఉష్ణోగ్రత సంగతి వేరు. వాన పొలానికీ పొలానికీ మారుతుంది. ఉష్ణోగ్రతలో అంత విడ్డూరం లేదు గానీ, దానిని కొలిచే తీరులో సామాన్యులకు తెలియని కట్టుబాటు ఒకటున్నది. నడివేసవిలో బస్సు స్టాండు గడియారం 48 చూపుతుంటే మరునాటి పత్రిక 42 అంటుంది. ప్రభుత్వం ఎండను దాస్తున్నదని అనుమానించేవారిని నేనెరుగుదును. ఎండలో ఉంచిన ఉష్ణమాపకం గాలి వేడిమిని చెప్పదు. తాను ఎంత కాలిందో చెబుతుంది. అందుకే పరిశీలన కేంద్రాలలో తెల్లరంగు పూసిన చెక్కపెట్టెలో, నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తున వాటిని ఉంచుతారు. పెట్టె గోడలు ఏటవాలు పలకలతో కట్టినవి. గాలి వస్తుంది, ఎండ రాదు. తలుపు ఉత్తరాన ఉంటుంది. దానికి రూపమిచ్చిన థామస్ స్టీవెన్సన్ దీపస్తంభాల ఇంజనీరు, నవలాకారుడు రాబర్ట్ లూయీ స్టీవెన్సన్‌కు తండ్రి.

ఆ పెట్టెలో నాలుగు ఉష్ణమాపకాలుంటాయి. గరిష్ఠాన్ని చూపేదానిలో పాదరసపు దారి మెడ దగ్గర సన్నగా నొక్కి ఉంటుంది. ఎక్కిన పాదరసం విదిలిస్తే గానీ దిగదు. కనిష్ఠాన్ని చూపేదానిలో ఆల్కహాలు, అందులో చిన్న గాజు సూచిక. చల్లబడే కొద్దీ ఆల్కహాలు సూచికను తనతో లాగుకొని పోతుంది, వేడెక్కేటప్పుడు దానిని అక్కడే విడిచి వస్తుంది. రాత్రంతా ఎవరూ మేలుకొని ఉండనవసరం లేకుండానే తెల్లవారుజాము చలి తన గుర్తు విడిచి వెళుతుంది. కనిష్ఠాన్ని ఉదయం ఎనిమిదిన్నరకు, గరిష్ఠాన్ని సాయంత్రం అయిదున్నరకు చూస్తారు. పత్రికలో పక్కపక్కన కనిపించే గరిష్ఠం, కనిష్ఠం తరచుగా ఒకే పగటికీ రాత్రికీ చెందినవి కావు. గరిష్ఠం నిన్నటిది, కనిష్ఠం ఈ ఉదయానిది. ఇప్పుడు పాదరసం ఆరోగ్యానికి హానికరమని 2013 నాటి మినమాతా ఒప్పందం దానిని క్రమంగా సాగనంపుతున్నది. విదిలింపులూ దానితోపాటే పోతాయి.

మిగిలిన రెంటిలో ఒకటి పొడి, రెండవది తడి. తడిదాని బుడ్డికి పలుచని మల్లుగుడ్డ చుట్టి, దాని కొసను నీళ్లలో ఉంచుతారు. ఇందులోని మర్మం మన ఇళ్లలో అందరికీ తెలిసినదే. కొత్తకుండలో నీరు ఎందుకు చల్లబడుతుందో, వట్టివేళ్ల తడికపై నీళ్లు చిలకరిస్తే గది ఎందుకు చల్లబడుతుందో, ఆ బుడ్డి కూడా అందుకే చల్లబడుతుంది. గాలి పొడిగా ఉంటే నీరు చురుకుగా ఆవిరై వేడిని తీసుకొనిపోతుంది. గాలి అప్పటికే తేమతో నిండి ఉంటే ఆవిరికి చోటుండదు. అనంతపురంలో వైశాఖమాసపు కుండనీళ్లు తాగి, ఆ తరువాత విశాఖలో అదే కుండతో ప్రయత్నించిన వారికి తేడా నాలుక మీదనే తెలుస్తుంది. అంకెలలో చెప్పాలంటే, పొడి బుడ్డి 40, తడి బుడ్డి 22 చూపితే గాలిలో తేమ 20 శాతానికి మించదు. పొడి 35, తడి 28 చూపితే తేమ 60 శాతానికి దగ్గర. మొదటిది చూడటానికి భయంకరమైన అంకె. కానీ అక్కడ నీడకు వెళ్లి నీళ్లు తాగితే చెమట దేహాన్ని కాపాడుతుంది. రెండవచోట చెమట ఆరదు. వడదెబ్బ జాగ్రత్తలు గరిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కటే చూసి ప్రకటిస్తే తీరప్రాంతపు కూలీ మనిషి కష్టం వాటిలో సగమే కనిపిస్తుంది. వాతావరణ శాఖ మైదానాలకు 40, తీరానికి 37 డిగ్రీలని వేరువేరు హద్దులు పెట్టుకొన్నది ఇందుకే. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత మెట్టప్రాంతంలో పుట్టి ఉంటుందని నా ఊహ. కోస్తాలో రోలు పగలదు, మనిషి నానిపోతాడు.

'సాధారణం కంటె రెండు డిగ్రీలు ఎక్కువ' అన్న మాటలో ఆ సాధారణం ఎవరిదో కూడా తెలుసుకోవాలి. అది ఒక ఏడాదిది కాదు. ముప్పై ఏళ్లో, అంతకు పైనో వరుసగా వ్రాసిన అంకెల సగటు. అది కూడా కదులుతుంది. దేశమంతటి నైరుతి రుతుపవన వర్షపాతపు సగటును 1961–2010 లెక్కలతో 88 సెంటీమీటర్లనేవారు. 1971–2020 లెక్కలతో ఇప్పుడు 87 అంటున్నారు. ఒక సెంటీమీటరే. కానీ కొలబద్దే జరిగినప్పుడు, నిన్న లోటు అనిపించుకొన్న వాన రేపు సాధారణంలో చేరే వీలున్నది. శాతాలు మాత్రమే చదివి సంతకం చేసే అధికారులు పక్కనే ఉన్న అసలు మిల్లీమీటర్లను కూడా ఒకసారి చూడటం మంచిది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు పడే అనంతపురంలో 20 శాతం లోటుకు, దానికి ఎన్నో రెట్లు కురిసే చిరపుంజిలో 20 శాతం లోటుకు పోలిక లేదు.

మేఘాలను లెక్కించే పద్ధతి నాకు అన్నిటికంటె ఇష్టం. ఆకాశాన్ని ఎనిమిది భాగాలుగా ఊహించుకొని ఎన్ని భాగాలు మబ్బు పట్టిందో కంటితో చూసి చెబుతారు. సున్న అంటే నిర్మలం, ఎనిమిది అంటే పూర్తిగా కమ్ముకొన్నది. పొగమంచు వల్ల ఆకాశమే కనిపించకపోతే తొమ్మిది. ఎనిమిది భాగాల ఆకాశానికి తొమ్మిదవ అంకె ఏమిటని ఒక మిత్రుడు నవ్వాడు. తనకు కనిపించలేదని చెప్పుకోవడానికి కూడా ఒక అంకె కేటాయించిన శాస్త్రం మీద నాకు గౌరవం పెరిగింది.

ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ స్వయంచాలిత కేంద్రాలు వందల సంఖ్యలో ఉన్నాయి. గంట గంటకూ అంకెలు పంపుతాయి. ఎనిమిదిన్నర కోసం ఎవరూ గడియారం చూడనక్కరలేదు. ఆనాటి గంట వాన ఈ యంత్రంలో గంట వానగానే నమోదయ్యేది, నెల సగటులో దాగి ఉండేది కాదు. ఈ అంకెల మీద బీమా కూడా నడుస్తున్నది. 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో వేరుశనగ, ఆముదం రైతులకు వర్షపాతం ఆధారంగా బీమా కల్పించే ప్రయోగం జరిగింది. పంటను చూడకుండా వర్షమాపకాన్ని చూసి పరిహారం ఇచ్చే పద్ధతి అది. వివాదం తగ్గుతుంది, సొమ్ము త్వరగా అందుతుంది. మాపకానికి దూరంగా ఉన్న చేను మాత్రం ఇక్కడ కూడా తూర్పు ఫిర్కానే.

అందువల్ల నేను ఏ వర్షపాత పట్టిక చేతికి వచ్చినా ముందు సున్నలను చూస్తాను. మా రిజిస్టరులో వాన పడని రోజున 0.0 అని వ్రాసేవాళ్లం. కొలవడానికి వీలు లేనంత తుంపర పడితే దానికి వేరే గుర్తు. చూడటమే కుదరని రోజున అడ్డగీత. మూడింటికీ మూడు అర్థాలు. బంట్రోతుకు జ్వరం వచ్చిన రెండు రోజులకు అడ్డగీతలే ఉన్నాయి, సున్నలు లేవు. క్రితం జూలైలో ఒక మండలానికి వరుసగా పదకొండు రోజులు సున్నలు కనిపించాయి. చుట్టూ ఉన్న నాలుగు మండలాలలో మంచి వానలు. తెలిసినవారి ద్వారా కనుక్కొంటే, అక్కడి యంత్రపు గరాటులో కందిరీగలు మట్టిగూడు కట్టినాయని తేలింది. గూడు తీసేశారు. పన్నెండవ రోజు నుంచి వాన మొదలైంది. ఆ పదకొండు సున్నలు పట్టికలో ఇంకా సున్నలుగానే ఉన్నాయి.